డానీకి నేను చెప్పిన ధైర్యం

బంతి ముట్టుకోకుండా, బ్యాటు పట్టుకోకుండా, బెంచీ మీద కూర్చుని నాలుగు మంచి మాటలు చెప్పి ఒక జట్టును చిత్తుగా ఓడించిన మొనగాడు ఈ భూమ్మీద ఎవడైనా ఉన్నాడా అంటే, ఉన్నాడు. ఈ ముక్కలు రాస్తున్నది వాడే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మరీ మంచిదైపోయి బహ్రెయిన్‌లో ఒక క్యాంపు మొత్తానికి సెలవు పోగొట్టింది. అమెరికాలో ఒక ఇల్లాలు పొద్దున్నే లేచి మొగుడు ఊపిరి పీలుస్తున్నాడో లేదో చూసుకునేలా చేసింది.

ఎనభైల మధ్యలో నేను ఆ బహ్రెయిన్‌లోనే అస్కర్ అనే ఊరి దగ్గర ఒక కాంట్రాక్టు కంపెనీలో పనివాళ్ళ హాజరు రాసే టైమ్‌కీపర్‌ని. నర్సాపురం పక్కనుంచి వెళ్ళినవాణ్ణి, పేరు యేసుపాదం. శుక్రవారం పొద్దున మా తెలుగువాళ్ళ ప్రార్థన కూడికలో పాట ఎత్తుకునేది నేనే. గొంతు మెత్తగా ఉంటుందని, క్యాంపులో ఎవరింటి నుంచి చావు కబురు వచ్చినా ఆ మనిషికి నెమ్మదిగా చెప్పే పని కూడా నా నెత్తిన పెట్టారు.

ఆ పద్ధతి మీకు తెలియాలి. టెలిగ్రాం ముందు ఆఫీసుకు వస్తుంది. గంటలో క్యాంపంతా పాకిపోతుంది, ఆ మనిషికి తప్ప. అతను మెస్సులోకి వస్తే పక్కవాళ్ళు పళ్ళేలు పట్టుకుని లేచిపోతారు. ఎవరూ మాట్లాడరు, ఎవరూ కళ్ళలోకి చూడరు. అప్పుడు నేను వెళ్ళి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేస్తాను. అలా వేసీ వేసీ నా చెయ్యికి ఎంత పేరొచ్చిందంటే, అగ్గిపెట్టె అడగడానికి భుజం తట్టినా "ఎవరన్నా పోయింది? మా అమ్మా, నాన్నా?" అని ఏడుపు మొదలుపెట్టేవారు.

ఇక ఆట సంగతి. మా సైటు మేనేజరు వాకర్ సారు అమెరికా ఆయన. బేస్‌బాల్ అంటే ప్రాణం. కంపెనీలో ఉన్న అమెరికా వాళ్ళందరినీ పోగేసి ఒక జట్టు కట్టాడు. శుక్రవారం మధ్యాహ్నం జుఫైర్‌లో ఉన్న అమెరికా నౌకాదళ స్థావరం నుంచి నేవీ కుర్రాళ్ళు వచ్చేవారు, మావాళ్ళను ఓడించి, చల్లటి డ్రింకులు తాగి వెళ్ళిపోయేవారు. ఓడిపోవడంలో మా జట్టుకు గొప్ప నిలకడ ఉండేది. ఒకసారి వాకర్ సారు ఒళ్ళు మండి, "మనం ఒక్క ఆట గెలిస్తే మర్నాడు క్యాంపు మొత్తానికి జీతంతో సెలవు" అన్నాడు. అప్పట్నుంచి బంతి గుండ్రంగా ఉంటుందని తప్ప ఆ ఆట గురించి మరేమీ తెలియని మావాళ్ళంతా ఆ జట్టుకు వీరాభిమానులైపోయారు.

ఆ ఏడు చలికాలంలో "కొత్త పిచ్చర్లు రెండు వస్తున్నాయంట" అని క్యాంపులో చాటింది నేనే. ఆఫీసులో విన్నమాట విన్నట్టు చెప్పాను. సాయంత్రానికి నా రూమ్మేటు మల్లయ్య తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తయారయ్యాడు. మల్లయ్యది కరీంనగర్ వైపు.

"ఏం పిచ్చరన్నా? తెలుగుదేనా, హిందీదా?" అన్నాడు.

"సినిమా కాదు మల్లయ్యా, నాకూ ఇప్పుడే తెలిసింది. పిచ్చర్ అంటే బంతి విసిరేవోడు. ఇద్దరు కుర్రోళ్ళు కొత్తగా ఉద్యోగంలోకి వచ్చారు."

"గా ఇసిరెటోళ్ళ కోసమా నేను అంగి ఇస్త్రీ చేసుకున్నది?" అని మల్లయ్య చొక్కా విప్పి మళ్ళీ మడత పెట్టుకున్నాడు.

కానీ మర్నాడు సాయంత్రం ఆ కుర్రాళ్ళు ఇసుక నేలలో బంతి విసురుతుంటే ముందు వరసలో నిలబడి చూసింది మల్లయ్యే. ఒకడి పేరు బిల్లీ, రెండోవాడు డానీ. ఇద్దరికీ మీసాలు సరిగ్గా రాలేదు. కొత్త కోడలు పాలు కాస్తుంటే పొయ్యి పక్కన నిలబడ్డ అత్తగారిలా మేమంతా చేతులు కట్టుకుని చూశాం. పొంగితే సంతోషమే, పొంగి పొయ్యిలో పడతాయేమోనని భయం.

"బిల్లీ ఇసిరితే పిడుగే. గని ఏడ పడ్తదో పిడుగుకే ఎర్కలేదు," అని తేల్చాడు మల్లయ్య.

"మరి డానీ?"

మల్లయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మంచిగ ఇసురుతుండు. గని గిప్పుడే అనకు. దిష్టి తాకుతది."

అనకుండా ఉండటం మావల్ల ఎక్కడవుతుంది? ఆలూ లేదు చూలూ లేదు, సెలవు రోజున కోడి వండాలా చేప వండాలా అని క్యాంపులో అప్పుడే రెండు పార్టీలు తయారయ్యాయి.

ఆ శుక్రవారం వచ్చింది. కాస్త ఇంగ్లీషు వచ్చినవాణ్ణని నన్ను జట్టు బెంచీ దగ్గర మంచునీళ్ళ డబ్బాకు కాపలా పెట్టారు. మావాళ్ళంతా తాడుకు అవతల ఇసుకలో కూర్చున్నారు. మొదట బంతి వేసింది డానీ. నేవీ కుర్రాళ్ళు వచ్చినవాళ్ళు వచ్చినట్టే గాలిని కొట్టి తిరిగి వెళ్ళిపోతున్నారు. ఇటు మా జట్టు ఎలాగో తంటాలు పడి ఒక పరుగు చేసింది. అంటే మేము ముందున్నాం. ఆ మాట మీద నమ్మకం కుదరక మల్లయ్య నన్ను పిలిచి పిలిచి అడిగాడు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. అప్పుడు నాకెవరూ చెప్పలేదు కాబట్టి మీకైనా ముందుగా చెప్తున్నాను. బేస్‌బాల్‌లో ఒక పిచ్చర్ ఎదుటివాళ్ళెవరికీ సరైన దెబ్బ చిక్కకుండా బంతి వేస్తూ పోతే, చివరిదాకా అలా సాగితే, అది అపురూపమైన ఘనకార్యమట. అది జరుగుతున్నంతసేపూ ఎవరూ దాని పేరు ఎత్తకూడదట. ఆ పిచ్చర్ పక్కన కూర్చోకూడదు, మాట్లాడకూడదు, వాడి ముఖం చూడకూడదు. చూస్తే దిష్టి కొట్టేస్తుంది. అచ్చం మన ఇళ్ళలో బొద్దుగా ఉన్న పిల్లాణ్ణి బొద్దుగా ఉన్నాడని అనకపోవడం లాంటిదే.

నాకు కనిపించింది వేరు. మా జట్టు బ్యాటింగుకు వెళ్ళింది. డానీ బెంచీ చివర తల మీద తువ్వాలు కప్పుకుని ఒంటరిగా కూర్చున్నాడు. అతను కూర్చోగానే పక్కవాళ్ళు లేచి అవతలికి జరిగారు. ఎవరూ పలకరించడం లేదు. ఎవరూ కళ్ళలోకి చూడటం లేదు.

నా చెయ్యి దానంతట అదే లేచింది. అయినా తొందరపడకూడదని, నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్న బిల్లీ దగ్గరికి వెళ్ళాను. మా మాటలు ఇంగ్లీషులో నడిచాయి, తెలుగులో చెప్తున్నాను.

"డానీకి ఏమైంది?"

బిల్లీ ఉలిక్కిపడ్డాడు. "ఆ మాట ఎత్తకు."

"అంత దారుణమా?"

"ఎవరూ పైకి అనకూడదు. అంతే."

"అతనికి తెలుసా?"

"ఏమో. అడిగే ధైర్యం ఎవరికుంది?"

"ఇప్పటిదాకా ఎంతమంది?"

"ఒక్కడూ నిలవలేదు. వచ్చినవాడు వచ్చినట్టే పోయాడు." బిల్లీ ఇంకో గోరు కొరికాడు. "ఇంక ఆరుగురు మిగిలారు. ఆ ఆరుగురూ పోతే ఖలాస్."

అతను చెప్పింది అవుట్ చేయాల్సిన నేవీ వాళ్ళ సంగతి. నాకు కళ్ళముందు డానీ ఇల్లు కనిపించింది. అగ్నిప్రమాదమో, కారు ప్రమాదమో. ఇంటిల్లిపాదీ వరసగా పోతున్నారు, ఆరుగురు ఆసుపత్రిలో కొట్టుకుంటున్నారు. ఈ కుర్రాడేమో ఇక్కడ ఎండలో బంతులు విసురుతున్నాడు. వీళ్ళకు ఆట ముఖ్యమైపోయి కబురు దాచిపెట్టారు. ఎంత రాతిగుండెలు అనుకున్నాను.

వెళ్ళాను. పక్కన కూర్చున్నాను. భుజం మీద చెయ్యి వేశాను.

"డానీ, ధైర్యంగా ఉండు."

"ధైర్యంగానే ఉన్నాను," అన్నాడు తువ్వాలు లోపలి నుంచి.

"ఈ వయసులో ఇంత కష్టం పగవాడికి కూడా రాకూడదు. కానీ పోయినవాళ్ళు తిరిగి రారు. ఉన్నవాళ్ళ కోసం మనం గట్టిగా నిలబడాలి."

తువ్వాలు కిందికి జారింది. "ఎవరు పోయారు?"

"నా నోటితో చెప్పకూడదు బాబూ."

"మా ఇంట్లోనా?"

ఇక్కడ నేను తెలియదని చెప్పి ఉండొచ్చు. నిజంగా తెలియదు కదా. కానీ ఓదార్చేవాడికి తెలియదనడం నామోషీ. పైకి చూసి ఒక నిట్టూర్పు విడిచాను. తర్వాత కొంచెం ఆశ కూడా కల్పిద్దామని, "ఆరుగురు ఇంకా ఉన్నారు" అన్నాను.

డానీ పాలిపోయిన ముఖంతో బెంచీ వైపు తిరిగాడు. పాపం, అతను చూసేసరికి అందరూ ముఖాలు తిప్పేసుకున్నారు. ఒకడు బూటు లేసు కట్టుకున్నాడు. ఒకడు బహ్రెయిన్ ఆకాశంలో లేని మబ్బులు లెక్కపెట్టాడు. బిల్లీ టోపీని ముక్కు మీదికి లాక్కున్నాడు. డానీ లేచి వాకర్ సారు దగ్గరికి వెళ్ళాడు.

"సార్, మా ఇంటి నుంచి ఏమైనా కబురొచ్చిందా?"

వాకర్ సారు తల తిప్పకుండానే, "ఇప్పుడేమీ మాట్లాడకు నాయనా. ఆట అయ్యాక అన్నీ మాట్లాడుకుందాం" అన్నాడు.

ఇంక డానీకి సందేహం ఏముంటుంది?

మళ్ళీ బంతి వేయడానికి వెళ్ళాడు. మొదటి బంతి బ్యాటు పట్టినవాడికి బారెడు దూరంలో పోయింది. రెండోది అంపైర్ టోపీ ఎగరగొట్టింది. సరిగ్గా వేయని బంతులు కొన్ని అయితే, బ్యాటు పట్టినవాడు కొట్టకుండానే నడిచి ముందుకు వెళ్ళొచ్చట. నేవీ కుర్రాళ్ళు నడిచారు. ఒకరి వెనక ఒకరు తిరునాళ్ళకు వెళ్ళినట్టు నడిచారు. నడిచి నడిచి పరుగు చేసి, స్కోరు సమం చేశారు. డానీ బంతి కింద పడేసి, ముఖం చేతుల్లో దాచుకుని ఏడవడం మొదలుపెట్టాడు.

వాకర్ సారు పరుగెత్తాడు. నేను కూడా నీళ్ళ గ్లాసుతో పరుగెత్తాను.

"ఏం జరిగింది?" అన్నాడు సారు.

"మా ఇంట్లో అందరూ పోయారు. ఆరుగురే మిగిలారు," అన్నాడు డానీ వెక్కుతూ.

"ఎవరు చెప్పారు?"

డానీ నన్ను చూపించాడు. వాకర్ సారు నావైపు తిరిగాడు. "ఎవరయ్యా పోయింది?"

"అది మీరే కదా సార్ చెప్పాలి," అన్నాను.

ఆ తర్వాత సారు నన్నన్న మాటలు నాకు సగం అర్థం కాలేదు. అర్థం కాని ఆ సగమే నయం. అసలు సంగతి విడమరిచి చెప్పినా డానీ నమ్మలేదు. అమ్మ గొంతు వినాల్సిందే అన్నాడు. ఆటను బిల్లీకి అప్పజెప్పి, మమ్మల్నిద్దరినీ పక్కనే ఉన్న సైటు ఆఫీసుకు తీసుకెళ్ళి ఫోను కలిపించాడు సారు. అమెరికాలో అప్పుడే తెల్లవారుతోంది.

"అమ్మా, నువ్వు బతికే ఉన్నావా?" అన్నాడు డానీ.

బతికే ఉందట. కొడుకు ఏడుపు విని ఆమెకు అనుమానం వచ్చి, ఫోను పక్కన పెట్టి వెళ్ళి పడుకున్న మొగుణ్ణి కుదిపి చూసింది. ఆయన తిట్టాడట. ఆ తిట్లు బహ్రెయిన్ దాకా వినిపించాయి. తండ్రి తిట్టినందుకు ఒక కొడుకు అంత సంతోషపడటం నేను మళ్ళీ చూడలేదు. డానీ ఏడుస్తూనే నవ్వాడు, నన్ను కావలించుకున్నాడు. వాకర్ సారు మాత్రం కావలించుకోలేదు.

బయటికి వచ్చేసరికి ఆట అయిపోయింది. బిల్లీ పిడుగుల్లో ఒకటి మంచునీళ్ళ డబ్బాకు తగిలి డబ్బా పగిలింది, మిగతావి ఎటు పడ్డాయో ఎవరూ చెప్పలేకపోయారు. నేవీ వాళ్ళు డ్రింకులు తాగుతున్నారు. మావాళ్ళు బస్సెక్కి కూర్చున్నారు. నేను మల్లయ్య పక్కన చేరాను.

"అన్నా, ఒక మాట అడుగుతా, కోపం చెయ్యకు," అన్నాడు మల్లయ్య.

"అడుగు."

"ఎవ్వలు సావకముందే ఎట్ల ఓదారుస్తరన్నా?"

బస్సులో కోడి పార్టీ, చేప పార్టీ మొదటిసారి ఒక్కటై నన్ను తిట్టుకున్నాయి.

మర్నాడు పొద్దున అందరూ డ్యూటీకి వెళ్తుంటే నేను గేటు దగ్గర తల దించుకుని నిలబడ్డాను. డానీ వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"మా అమ్మ మళ్ళీ ఫోను చేసింది. నీకు ఒక మాట చెప్పమంది," అన్నాడు.

"తిట్టిందా?"

"లేదు. ఎవరూ పోకుండానే నన్ను అంతలా ఏడిపించగలిగావంటే మామూలు మనిషివి కాదంది. ప్రస్తుతం మా ఇంట్లో అందరూ క్షేమమే. కాకపోతే మా నాయనమ్మ బాగా పెద్దదైపోయింది. నీ చిరునామా రాసి పంపమంది."

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా: ఆనాడే గేటు ముందు నిలబడి, కుడిచెయ్యి జేబులో దాచుకుని ఒట్టు పెట్టుకున్నాను. మనుషులు ఎంత దిగాలుగా కనిపించినా, ఎంత ఒంటరిగా కూర్చున్నా, ముందు ఆట స్కోరెంతో కనుక్కుంటాను. ఏడుపు సంగతి ఆ తర్వాత.