మిగిలిన నల్లపూసలు

ఎమ్మిగనూరులో మా పుట్టింటివాళ్లకు ఒక ఆచారం ఉంది. పెళ్లికూతురి తాళికి నల్లపూసలు బసివిరాలే గుచ్చాలి. బసివిరాలంటే చిన్నప్పుడే దేవుడికిచ్చేసి, ఇక పెళ్లి చేయకుండా వదిలేసిన ఆడమనిషి. దేవుడికి చావు లేదు కాబట్టి ఆమె ఎప్పటికీ ముత్తైదువేనట. ఆమె గుచ్చిన పూసలు వేసుకుంటే పెళ్లికూతురు కూడా పసుపు కుంకుమలతో నూరేళ్లు ఉంటుందట. ఆడపిల్లల్ని ఇలా దేవుడికివ్వడాన్ని చట్టం ఎప్పుడో నిషేధించింది. మావాళ్లకు చట్టంతో పనిలేదు, పూసలతోనే పని.

మొన్నటేడు చిన్నాన్న కూతురి పెళ్లికి ఆదోని నుంచి వెళ్లాను. చిన్నాన్నవాళ్ల నేతింట్లో మగ్గం గుంట మీద పలకలు పరిచి, జంపఖానా వేసి బసివిరాలిని కూర్చోబెట్టారు. నలభై దాటి ఉండవు. దగ్గర్లోని పల్లె నుంచి పదేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. మా మేనత్త ఆమెకు బొట్టు పెట్టి ఒడిబియ్యం పోసింది. పెళ్లికూతురు కాళ్లకు మొక్కింది. మర్యాద బాగానే ఉందనుకున్నాను. కాసేపటికి అందరికీ లోపల టిఫిన్లు పెట్టి, ఆ తల్లీకూతుళ్లకు మాత్రం బయట అరుగు మీద పేపరు ప్లేట్లు ఇచ్చారు. ఇదేమిటని అత్తను అడిగాను.

"వాళ్లది వేరేలే. నీకు తెల్దు, ఊరికే ఉండు" అంది.

నాకు ఒళ్లు మండింది. ఆమె మళ్లీ లోపలికొచ్చి పూసల ముందు కూర్చుంటే పోయి పక్కన కూర్చున్నాను. పిల్ల ఏం చదువుతోందని పలకరించాను.

"ఐదో తరగతి. ఆదోని హాస్టల్లో ఏద్దామని తిరుగుతాండానప్పా. మా ఊర్లో పెద్దోళ్లు ఒప్పుకోల్యా. వచ్చే జాతరకు దీనికీ కట్టాలంటాండారు."

"ఏం కట్టాలి?"

"పూసలే. పదిమంది ముందర ముత్తైదువ ఎవరన్నా మెడలో కడితే సాలు. ఇంగ దానికి పెండ్లి లేదు, ఏం లేదు." సూది ఆపకుండానే చెప్పింది. "నాకు కట్టినప్పుడు కొత్త పరికిణీ కుట్టిచ్చినారని ఊరంతా ఎగిరినా. దేవునికిచ్చినామన్నారు. దేవుడు ఒక్కనాడూ రాలేదప్పా. ఊర్లో మగోళ్లే వచ్చినారు."

ఇలాంటివి పేపర్లో చదివి పేజీ తిప్పేసినదాన్నే. ఇప్పుడు అదే మాట మా ఇంట్లో, మా పెళ్లి పూసలు చేతిలో పట్టుకున్న మనిషి నోటి నుంచి వింటున్నాను. ఊళ్లలో లాడ్జి మీద పోలీసులు పడితే ఛీ ఛీ అంటాం. ఇక్కడ అదే పనికి ముందుగా కొబ్బరికాయ కొడుతున్నారు.

"దీనికి మాత్రం కట్టనీను, సచ్చినా సరే" అందామె, పిల్ల వైపు చూస్తూ.

గుచ్చడం అయిపోయింది. పళ్లెంలో గుప్పెడు పూసలు మిగిలాయి. మిగిలినవి గుచ్చినవాళ్లకే ఇవ్వడం ఆనవాయితీ. మా మేనత్త ఊరుకోలేదు. ఆ పూసల్ని దారానికి ఎక్కించి, "పాపం, పిల్ల మెడ బోసిగా ఉంది" అంటూ అందరి ముందూ దాన్ని దగ్గరికి లాక్కుని కట్టేసింది. ముద్దొచ్చే కట్టింది. పిల్ల కూడా సంబరంగా నవ్వింది.

తల్లి చూసింది. ఆమె అరిచిన అరుపుకు బయట మేళం ఆగిపోయింది. లేచి వచ్చి ఆ దారాన్ని ఒక్క గుంజు గుంజింది. పిల్ల మెడ మీద ఎర్రగా గీత పడింది. పూసలు ఇల్లంతా చెల్లాచెదురయ్యాయి.

పెళ్లింట్లో నల్లపూసలు తెంపడం! మొగుడు పోయినప్పుడు తప్ప ఎవరూ చేయని పని. ఇల్లంతా గగ్గోలు.

"శుభమా అని పెండ్లి సేస్తాంటే పూసలు తెంపుతావా, పాడుముండా! ల్యాయ్, బయటికి నడువు!" మేనత్త గుండెలు బాదుకుంది.

పొద్దున కాళ్లకు మొక్కించిన నోరే అది. మిగతా ఆడవాళ్లంతా వంగి పూసలు ఏరుతున్నారు, ఎవరైనా తొక్కితే అరిష్టమట. పిల్లకు కట్టినప్పుడు ఒక్కరూ ఉలిక్కిపడలేదు. తెంపినందుకు ఇంత భయం. ఆ గొడవలోనే ఆమె పిల్లను లాక్కుని వీధిలోకి వెళ్లిపోయింది.

నేను మెయిన్ రోడ్డు దాకా వాళ్ల వెంట పరిగెత్తాను. పిల్ల వెక్కుతోంది. తల్లి కళ్లల్లో నీళ్లు కూడా లేవు.

"మీ పెండ్లికొచ్చిన మా ఊరి ఆడోళ్లు ఇద్దరు ఆడే ఉండారు, సూసినారు. తెంపినా సరే, కట్టింది కట్టినట్టే అంటారప్పా. ఇంగ ఊరికి పోతే పిల్ల నాకు దక్కదు" అంది.

వాళ్ల ఊరి ఆటో ఎదురుగానే ఆగి ఉంది. ఎక్కలేదు. వెనకే వచ్చిన ఆదోని బస్సు ఎక్కేసింది, కట్టుబట్టలతో. కిటికీ దగ్గర నిలబడి ఆదోనిలో మా వీధి గుర్తులు చెప్పాను. విన్నదో లేదో తెలియదు. ఇంటికొచ్చేసరికి తాళి పూసలన్నీ విప్పేసి, బసివిరాలే కావాలన్న మాట ఎత్తకుండా, మా ఇంటి ముత్తైదువ చేతే మళ్లీ గుచ్చిస్తున్నారు. పెళ్లి సజావుగానే జరిగింది.

ఆ ఏడే వానలు మొదలయ్యాక ఒక ఆదివారం ఆదోని మార్కెట్లో ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. ఆమే. పత్తి మిల్లులో పనికి పోతోందట. తల మీద దూది పోగులు. పక్కన పిల్ల రెండు జడలతో, ఒళ్లు చేసి, సిగ్గుపడుతూ నిలబడింది. హాస్టల్లో చేర్చుకున్నారట, సెలవని తల్లి దగ్గరికి వచ్చిందట. పిల్ల బుగ్గలు నిమిరాను. ఎలా ఉన్నారని నేను అడిగేలోపే ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మీ పెండ్లికూతురు సల్లంగుందా అప్పా? నేను తెంపింది ఆ బిడ్డకేం తగల్లేదు గదా? దినామూ మొక్కుకుంటాండా."

"ఏం తగల్లేదు. కడుపుతో ఉంది" అన్నాను.

ఆమె ఆ రోడ్డు మీదే మెటికలు విరిచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆ పిల్ల ఏమైందని మా ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.