మమ్మల్ని పిలవలేదని రాసిన సారు

మా పక్కింటి లా కాలేజీ సారు పోయారు. ఎమ్మిగనూరులో రోజూ పొద్దున్నే బస్సెక్కి ఆదోనికి పోయి పాఠం చెప్పే మనిషి, పోయిన నెల ఆ కాలేజీ వరండాలోనే గుండె పట్టుకుని కూలిపోయారట. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, ఇంకా దిగలేదు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే ఆయన భార్య రాస్తోంది. నా మాటను మెత్తబరచొద్దని ముందే చెప్పాను.

మా వీధి నేతపనివాళ్ళమంతా కలిసి ఒక కంపెనీ పెట్టుకున్నాం. నేను నూలు కండెలు చుడతాను, నేనూ వాటాదారునే. ఆ కంపెనీ పెద్దలు మీటింగు పెట్టి నూలుకు రంగులద్దే మా షెడ్డును బయటివాళ్ళకు అప్పగించేశారు. అలాంటి మీటింగు ఒకటి జరిగిందనే మాకు తెలియదు. అడిగితే, మీ ఫోన్లకు ఇంగ్లీషులో మెసేజ్ పంపాం, చట్టానికి అది చాలు అన్నారు.

ఆ సాయంత్రం సారు మా అరుగు మీద కూర్చుని అడిగారు: "అవ్వా, ఈడ ఆడోళ్ళను దేనికైనా ఎట్ల పిలుస్తారు?"

"ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలుస్తారప్పా. నా మాదిరి మొగుడు పోయినోళ్ళకు బొట్టు ఉండదు. గడప కాడ నిలబడి నోటితో సెప్తారు. అదీ లేకుంటే పిలవనట్టే."

ఆయన చాలాసేపు చెవి గోక్కున్నారు. మంచి మాట దొరికితే ఆయనకు అదే అలవాటు.

కంపెనీ చట్టాల మీద వ్యాసాలు వేసే పెద్ద జర్నల్ ఒకటి ఉందట. దానికి రాయడం మొదలుపెట్టారు. చదవడం రాని వాటాదారుకు చదవాల్సిన నోటీసు పంపితే అది పిలిచినట్టా, కాదా అని. బస్సు దిగి వచ్చి, బొరుగుల ఉగ్గాని తింటూ, నూనె వేళ్ళు ప్యాంటుకు తుడుచుకుంటూ, ఆ రోజు రాసినంతా మాకు తెలుగులో చెప్పేవారు. నేను పెట్టిన తిట్లు ఎందుకు రాయలేదని ఒకసారి నిలదీశాను. "కోపం పేజీకి ఒకసారే రావల్లవ్వా. కారం ఎక్కువైతే కూర పక్కన పెడ్తారు" అన్నారు.

రాసినవాళ్ళ పేరు తీసేసి పంపాలట, ఎవరిదో తెలియకుండానే చదివి తేలుస్తారట. ఎదురింటి కోడలు పకపకా నవ్వింది. "పెండ్లికొడుకు పేరు లేకుండా పెండ్లి కార్డు కొట్టిచ్చినట్టుండాది సారూ!" సారు కూడా నవ్వారు. ఇంత చదివిన మనిషి మా నవ్వుకు ఎన్నడూ చిన్నబోలేదు.

నెలలు గడిచాక జవాబొచ్చింది. వ్యాసం బాగుంది, వేస్తాం. అయితే మా వీధి ఆడవాళ్ళ మాటలున్న రెండు పేజీలు తీసెయ్యాలి, వాటికి అచ్చులో ఆధారం లేదు అని. ఆ రోజు సారు ఉగ్గాని ముట్టలేదు. "ఆ రెండు పేజీలు తీస్తే మిగిలేది పాత తీర్పుల మూట అవ్వా. తీసేది లేదని రాస్తా" అన్నారు. రాయకుండానే పోయారు. అంత తొందరేమొచ్చిందని ఆయన మీద కూడా నాకు కోపమే.

కర్మ అయిన మర్నాడు ఆదోని నుంచి కాలేజీ ప్రిన్సిపాలు ఆ వ్యాసం సంగతి మాట్లాడడానికి సారు ఇంటికి వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను.

"రెండు పేజీలే గదవ్వా. తీసేస్తే సారు పేరు నిలబడ్తాది. ఆయనకు మనం సేయగలిగింది అదే."

"ఎవురి మాటలప్పా ఆ రెండు పేజీలు? మావి గదా?"

"కాదంటానా? ఆధారం అడుగుతాండారు."

"నేను బతికే ఉండాను. వచ్చి అడగమను. నేను సచ్చినాక ఎవురో రాస్తేనా ఆధారమయ్యేది?"

ఆయన కాఫీ సగంలో వదిలి లేచారు. మీటింగులో మా నోరు లేదు. ఆ మీటింగు తప్పని చెప్పే వ్యాసంలోనూ మా నోరు ఉండకూడదట! మా మాటలు కోసేసి, సారు పేరు నిలబెడతారట!

ప్రిన్సిపాలు వెళ్ళాక సారు భార్య అంది: "అచ్చులో ఉండల్ల అంటాండారు గదా. నువ్వు సెప్పవ్వా, నేను రాస్తా. అచ్చేపిద్దాం. ఆ అచ్చే ఆధారమైతాది."

అందుకే ఈ పత్రికకు పంపుతున్నాం. చదువుతున్న మీరు వినండి. ఎమ్మిగనూరులో మా వీధి ఆడమనిషిని పిలవాలంటే గడప దాకా రావాలి. మా గడపకు ఎవరూ రాలేదు. మమ్మల్ని పిలవలేదు.

ఆ జర్నల్‌కు జవాబు పంపడానికి ఇంకా గడువుందట. సారు భార్య కంప్యూటరు నా వైపు తిప్పింది. ఆ రెండు పేజీలూ అలాగే ఉన్నాయట. వాటి అడుగున ఆధారం రాయాల్సిన చోటును వేలితో చూపింది, ఖాళీగా ఉంది. ఆ ఖాళీలో సన్నటి నిలువు గీత ఒకటి వెలుగుతూ, ఆరుతూ, మళ్ళీ వెలుగుతూ ఉంది.