పురుగుమందు కేసు

పత్తికి విపరీతంగా పురుగు పట్టిన ఏడు అది. సత్తెనపల్లి వైపు ఒక చిన్న సర్కారు ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సుని. రోజు మార్చి రోజు ఎవరో ఒకరు పురుగుమందు తాగి వచ్చేవాళ్ళు. దాంతో చెమటలు పట్టి, వాంతి చేసుకుంటూ వచ్చిన ప్రతి రైతూ మా డ్యూటీ డాక్టరుకి మందు తాగినవాడే అయిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఒక రైతుని ఎడ్లబండి మీద తెచ్చారు. చొక్కా తడిసి ముద్దయింది, పురుగుమందు వాసన గుప్పుమంది. డాక్టరు గుమ్మంలోనే ముక్కు మూసుకున్నాడు. నాడి పట్టుకోలేదు, స్టెతస్కోపు మెడలోంచి తియ్యలేదు.

"ఎంత తాగాడమ్మా?" అని రైతు భార్యని అడిగాడు.

"తాగలేదు బాబూ! పొద్దుట్నించీ చేలో మందు కొడతన్నాడు. గుండె మీద బండ పెట్టినట్టుందని కూలబడిపోయాడు."

"అందరిదీ ఇదే పాట. పోలీసులొస్తారని భయం. సిస్టర్, కడుపు కడగండి."

ఆ గొంతు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

నేను రైతు మీదికి వంగి చూశాను. వాసన చొక్కాదే, నోట్లో లేదు. మందు తాగినవాళ్ళకి కంటిపాపలు ఆవగింజంత అయిపోతాయి, నోటివెంట చొంగ కారుతుంది. ఈయన పాపలు మామూలుగానే ఉన్నాయి, పెదాలు ఎండిపోయాయి. నొప్పెక్కడయ్యా అంటే పిడికిలి బిగించి రొమ్ము మధ్యలో పెట్టుకున్నాడు.

"ఎడం చెయ్యి లాగేస్తంది తల్లీ," అన్నాడు.

"సార్, ఇది గుండెపోటులా ఉంది. ఈసీజీ తీద్దాం," అన్నాను.

"ఈసీజీ గది తాళం నా దగ్గరే ఉంది, డాక్టరు డిగ్రీ కూడా నా దగ్గరే ఉంది. చెప్పింది చెయ్యండి."

నాకు నోరెక్కువని పేరు. వార్డుబాయ్‌లతో, ఇంటి ఓనరుతో, చివరికి చర్చి కమిటీతో కూడా పోట్లాడిన నోరు నాది. ఆ రోజు మాత్రం పెగల్లేదు. అంతకుముందు ఎదురు చెప్పిన సిస్టర్ని ఆ మహానుభావుడు ఎక్కడో దూరాన దర్శి అవతలికి బదిలీ చేయించాడు. నాకు ఇంట్లో చంటిపిల్ల ఉంది.

గొట్టం తీసుకున్నాను. రైతు వద్దని తల తిప్పుకుంటుంటే ఇద్దరు వార్డుబాయ్‌లు గట్టిగా అదిమి పట్టుకున్నారు. నేను గొంతులోకి దించాను. పోసిన నీళ్ళు మెతుకులతో తిరిగొచ్చాయి, మందు వాసన లేదు. సార్, ఇటు చూడండి అని నేను కేకేసేలోపే రైతు కళ్ళు తేలేశాడు.

డాక్టరు అప్పుడు పరిగెత్తుకొచ్చి రొమ్ము మీద రెండు చేతులూ పెట్టి నొక్కాడు. ఆ మనిషికి రొమ్మనేది ఒకటుందని అప్పటికి తెలిసింది ఆయనకి. చాలాసేపు నొక్కాడు. ప్రాణం రాలేదు. చేతులు కడుక్కుని, రిజిస్టర్లో పురుగుమందు అనే రాసి వెళ్ళిపోయాడు.

రైతు భార్య మంచం పక్కన నేల మీద కూర్చుంది. నేనూ పక్కనే కూలబడ్డాను. తప్పు నాది కాదని ఆమెకి తెలియాలనిపించింది, సిగ్గులేకుండా.

"నేను చెప్పానమ్మా గుండెపోటని. ఆయన వినలేదు," అంటూ ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఆమె చెయ్యి విదిలించుకుంది.

"ఆయనకి తెలవదు, చేయించాడు. నీకు తెలుసు గదా తల్లీ, నువ్వెందుకేశావు ఆ గొట్టం?"