పెళ్ళికూతురికి వచ్చిన చలానా

ఆ రోజుల్లో మా దివిసీమ రోడ్ల మీద మనిషి పరువు బండి స్పీడుని బట్టి ఉండేది. ఎన్నెకరాలున్నాయి, ఎంత చదివాడు అన్న ప్రశ్నలు ఇంటి దగ్గర. రోడ్డెక్కాక ఒకటే ప్రశ్న, నాగాయలంకలో ఎన్నింటికి బయల్దేరావు, గుడివాడలో ఎన్నింటికి దిగావు అని. ఆ లెక్కన పదేళ్ళ కిందట కృష్ణా జిల్లా మొత్తానికీ పరువు తక్కువ మనిషిని నేనే. తొమ్మిదో తరగతి సగంలో బడికి సెలవు పెట్టి (ఆ సెలవు చీటీ మేష్టారికి ఇవ్వడం ఇప్పటిదాకా కుదరలేదు) బందరులో రిపేరు భాయ్ షెడ్డులో చేరాను. స్పానర్లు అందిస్తూ అందిస్తూ ఇరవయ్యేళ్ళొచ్చేసరికి ఆయన వ్యానుకి డ్రైవరునయ్యాను. అది ఏ కంపెనీ వ్యాను అని అడిగితే భాయ్ పేరే చెప్పాలి. ఇంజను ఒక బండిది, తలుపులు ఇంకో బండివి, సీటు మాత్రం ఏదో సినిమా హాలుది. అన్నీ తెచ్చి ఆయన తన చేతులతో అతికి నిలబెట్టాడు. కుడివైపు లైటు కాస్త వంగి ఎప్పుడూ నేల చూస్తుండేది. నడక చూస్తే ఆచి తూచి అడుగేసే నడక. రెండూ కలిపి చూసిన జనం దానికి 'పెళ్ళికూతురు' అని పేరు పెట్టారు. ముప్పై అయిదు దాటితే దానికి వణుకొచ్చేది. నలభై నేనెప్పుడూ చూడలేదు, అక్కడ మీటరు మీద అంకె కూడా చెరిగిపోయింది.

సరిగ్గా అప్పుడే మా రోడ్ల మీదకి స్పీడు గన్నులొచ్చాయి. అంతకు ముందు పోలీసులు ఆపితే లైసెన్సుందా, తాగావా అని అడిగి వదిలేసేవారు. ఇప్పుడు చెట్టు నీడన మూడు కాళ్ళ స్టాండు, దాని మీద కెమెరా. యాభై దాటకూడని చోట యాభై నాలుగు వెళ్ళినా ఫోటో తీసి చలానా ఇంటికి పంపడం మొదలుపెట్టారు. చల్లపల్లి సెంటర్లో టీ కొట్టు దగ్గర ఇదే గొడవ. "నాలుగంటే నాలుగు కిలోమీటర్లండీ! నా క్లాసులో అయితే నాలుగు మార్కులు కలిపి పాస్ చేసేవాణ్ణి," అని రిటైరైన లెక్కల మేష్టారొకాయన స్కూటర్ చలానా పట్టుకుని వచ్చే పోయే వాళ్ళందరికీ చూపించేవాడు. "ఈ గుంతల్లో యాభై ఎక్కినందుకు బహుమతివ్వాలి గానీ చలానా ఏంట్రా?" అని ఊరందరూ ఆటో బావ అని పిలిచే ఆటో డ్రైవరు అరుపు. టీ కొట్టు అక్క మాత్రం గ్లాసులు కడుగుతూ, "రాయనివ్వండి. ఈ పది రోజులుగా మా పిల్ల రోడ్డు దాటేప్పుడు నేను కళ్ళు మూసుకోవట్లేదు," అనేది. ఆ మాటకి అందరూ ఒక నిమిషం టీ తాగి, మళ్ళీ మొదలుపెట్టేవారు.

డ్రైవర్లు మాత్రం దారి కనిపెట్టారు. ముందు పోలీసులుంటే ఎదురొచ్చేవాళ్ళకి లైట్లు ఆర్పి వెలిగించడం, పగలైతే నెత్తిమీద అరచెయ్యి పెట్టి చూపించడం. నెత్తిమీద చెయ్యంటే టోపీ అని అర్థం. బస్సు డ్రైవర్లు, కోళ్ళ వ్యాన్లవాళ్ళు, పెళ్ళి కార్లవాళ్ళు, ఒకరి మొహం ఒకరికి తెలియకపోయినా అందరూ నెత్తిన చెయ్యి పెట్టుకుని వెళ్ళేవారు. నాకు మాత్రం ఒక్కడూ చెయ్యి చూపించేవాడు కాదు. ఒకసారి ఆటో బావ అలవాటుగా చెయ్యి సగం ఎత్తి, వచ్చేది నేనని చూసి, ఆ చేత్తోనే తల గోక్కుని, "నీకెందుకులేరా!" అని అరుస్తూ పోయాడు. చలానా వచ్చినవాళ్ళ బాధ పేపర్లో రాశారు గానీ, చలానా ఎప్పటికీ రానివాడి బాధ ఎవరు రాస్తారు చెప్పండి.

దీనికి తోడు భాయ్ ఒక మాట అనేశాడు. "ఒరే చిన్నోడా, నెలాఖరు దాకా చూస్తా. ఈలోగా రోజూ వెళ్ళే కిరాయి ఒకటి కుదిరితే సరే. కుదరకపోయినా, మధ్యలో ఇంకొక్కసారి ఆగిపోయినా పాత ఇనుము కింద తూకానికి ఇచ్చేస్తా. నువ్వు మీ అక్క మొగుడి రొయ్యల చెరువు దగ్గరికి పోదువుగాని." ఆ మాట అన్నాక ఆయన వ్యాను వైపు చూడలేదు, నేనూ చూడలేదు. రొయ్యల చెరువంటే నాకు భయమేమీ లేదు గానీ, రొయ్యలకి జోకులు చెప్తే నవ్వవు.

ఆ మాటన్న మూడోరోజే అవనిగడ్డలో ఎవరిదో సోఫా దించి ఖాళీగా వస్తుంటే, మోపిదేవి దాటాక పెళ్ళికూతురు కూర్చుండిపోయింది. బతిమాలాను, తిట్టాను, తోశాను. ఆఖరికి రొయ్యల మేత లారీ ఒకటి ఆగింది. లారీ డ్రైవరు రోడ్డు పక్కన వలలు ఆరేసుకునే ఆయన్నడిగి తాడు తెచ్చి, నా బంపరుకీ తన లారీకీ కట్టి, "బందరు దాకా లాగుతా తమ్ముడూ, స్టీరింగు పట్టుకు కూర్చో," అన్నాడు. పుణ్యాత్ముడే గానీ భోజనం వేళ దాటిపోయింది. చల్లపల్లి వచ్చేసరికి వెనక నేనున్న సంగతి మర్చిపోయాడు. పెళ్ళికూతురు పుట్టి బుద్ధెరిగాక అంత స్పీడు చూడలేదు. తలుపులు నాలుగు దిక్కులకీ కొట్టుకుంటున్నాయి. ఆపమని హారన్ కొట్టాను. ఆయన చెయ్యి బయటపెట్టి ఊపి ఇంకా తొక్కాడు (ఇంకా పోనీమంటున్నాననుకున్నాడట, తర్వాత చెప్పాడు). ఆ ఊపులోనే ఒక మలుపు దగ్గర చెట్టు కింద మూడు కాళ్ళ స్టాండు కనపడింది. లారీ నంబరు ప్లేటు మీద చెరువు బురద అంగుళం మందాన ఉంది. నా ప్లేటేమో ఆ పొద్దున్నే నేను తడిగుడ్డతో తుడిచాను.

బందరు పొలిమేరలో తాడు విప్పి, డీజిల్ పైపు నోటితో ఊది, ఎలాగో స్టార్టు చేసి, ఏమీ ఎరగనట్టు షెడ్డులో పెట్టేశాను. వారం తర్వాత పోస్టులో కవరొచ్చింది. భాయ్ కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. "యాభై దాటకూడని చోట యాభై ఎనిమిదంట్రా!" అన్నాడు. తిడతాడని నేను టైర్ల వెనక్కి వెళ్ళాను. "నేను కట్టిన ఇంజనురా అది. నవ్వారు కదరా ఊరంతా. యాభై ఎనిమిది!" అని ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. తాడు సంగతి నా నాలిక చివర దాకా వచ్చింది. ఆ మొహం చూశాక వెనక్కి పోయింది. అప్పటికే భాయ్ బందరు లడ్డూలకి మనిషిని పంపాడు. చలానా వచ్చిందని లడ్డూలు పంచినవాడు జిల్లాలో ఆయనొక్కడే అయ్యుంటాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. నన్ను వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకెళ్ళాడు. అక్కడ చలానా బాధితులు పాతికమంది, "మీ మిషనే తప్పు" అని రైటరు బల్ల చుట్టూ మూగి ఉన్నారు. భాయ్ అందర్నీ తోసుకుని ముందుకెళ్ళి, "సార్, మీ మిషను కరెక్టే కదండీ?" అన్నాడు. పొద్దున్నించీ తిట్లు తింటున్న రైటరు గారు తలెత్తి, "నూటికి నూరుపాళ్ళూ కరెక్టు," అన్నారు. "ఆ ముక్క అందరికీ వినపడేలా ఇంకోసారి చెప్పండి సార్." ఆయన సంతోషంగా చెప్పారు. వెనకాల గోల లేచింది. "ఏంటి భాయ్, నువ్వు మా వైపా, వాళ్ళ వైపా?" అని లెక్కల మేష్టారు చెయ్యి పట్టుకున్నాడు. "నేను నా ఇంజను వైపండీ," అన్నాడు భాయ్. నేను తలొంచుకుని నేల చూస్తున్నాను, అచ్చం మా వ్యాను లైటులాగా.

ఆ చలానా పట్టుకుని నేను నాగాయలంకలో పీతల బాబాయి దగ్గరికెళ్ళాను. ఆయన రోజూ తెల్లారగట్ల పీతల డెక్కలు తాళ్ళతో కట్టించి, తడి గోనెల్లో బుట్టలకెత్తి గుడివాడ పంపేవాడు. అక్కడ పీతల షెడ్డు నుంచి తొమ్మిదింటికి హైదరాబాదు లారీ కదులుతుంది. అది తప్పితే ఎండకి పీతలు చచ్చిపోతాయి, చచ్చిన పీతని ఎవరూ కొనరు. అందుకే నన్ను అంతకు ముందు రెండుసార్లు, "నీ బండెక్కితే పీతలు గుడ్లు పెట్టి పిల్లల్ని కూడా చేస్తాయిరా," అని గుమ్మంలోంచే పంపేశాడు. ఈసారి భాయ్ తూకం బెదిరింపు సంగతి చెప్పి, కాగితం చూపించాను. ఫోటోలో కింద మూల లారీ వెనక భాగం ఇంత ముక్కా, దాన్నుంచి నా బంపరు దాకా సన్నటి గీతా పడ్డాయి. కాబట్టి ఎవరికి చూపించినా నా బొటనవేలు ఆ మూల మీదే ఉండేది. బాబాయి కాగితం వైపు, నా వేలు వైపు, నా మొహం వైపు చూసి, "సర్లే, రేపొక్కరోజు ఆరు బుట్టలు వెయ్యి. అవి బతికితే రోజూ నీకే," అన్నాడు. ఆ మర్నాడు నెలాఖరు.

తెల్లవారి ఆరింటికి బాబాయికి రోజూ తోలే వ్యాన్లు రెండూ, నేనూ కలిసే బయల్దేరాం. అవనిగడ్డ చేరేలోపే వాళ్ళ దుమ్ము కూడా కనపడలేదు. ముప్పై అయిదు మీద పెట్టి, వెనక గోనెల మీద నీళ్ళు చల్లడానికి మాత్రం రెండుసార్లు ఆగి, లోపల ప్రాణాలు ఉన్నాయో పోయాయో అని చెవులు రిక్కించి వింటూ పోతున్నాను. కూచిపూడి ఇవతల రోడ్డు పక్కన వరసగా బండ్లు. ఆ రోజు ఫోటోతో సరిపెట్టకుండా ఆపి మరీ రాస్తున్నారు. వరసలో బాబాయి వ్యాన్లు రెండూ ఉన్నాయి. "ఆరు కిలోమీటర్లకే ఆపుతారాండీ? లోపల ప్రాణాలున్నాయండీ!" అని ఒకడు, "మా పీతలు చస్తే కేసు మీ మీద పెడతాం," అని ఇంకొకడు ఎస్సై గారి మీదకెళ్తున్నారు. ఎస్సై గారు తాపీగా, "ఒక్కొక్కళ్ళు మాట్లాడండి, అందరివీ రాస్తాను," అంటున్నారు. వాళ్ళ మాటలు పెరిగేకొద్దీ రాత ఆలస్యమవుతోంది. నేను బ్రేకు మీద కాలేశాను. ఎస్సై గారు గన్ను నా వైపు తిప్పి, అంకె చూసి, నవ్వు ఆపుకుని, "నువ్వు పద నాయనా, నడిచేవాళ్ళకి అడ్డం రాకు," అన్నారు. ఆ క్షణంలో ఆటో బావ ఎదురొచ్చాడు. జీవితంలో మొదటిసారి ఆయనకి నేను నెత్తిన చెయ్యి పెట్టి చూపించాను. ఆయన స్పీడు తగ్గించాడు గానీ, నోరు మూయడం మర్చిపోయాడు.

గుడివాడ షెడ్డులో దిగేసరికి తొమ్మిదికి పది నిమిషాలు. బాబాయి బస్సులో వచ్చి అప్పటికే అక్కడున్నాడు. బుట్ట మూత తీసి వేలు పెట్టి కదిపాడు. పీత కళ్ళు రెండూ పైకి లేపి ఆయన్ని కోపంగా చూసింది. ఆరు బుట్టలూ బతికే ఉన్నాయి. బాబాయి చెయ్యి తుడుచుకుంటూ, "రేపట్నించి నువ్వే. మీ భాయ్‌కి చెప్పు, తూకం వాణ్ణి రావద్దనమని," అన్నాడు. ఇంకో నాలుగడుగులేసి వెనక్కి తిరిగి, "ఆ తాడు మాత్రం మంచి తాడురా. యాభై ఎనిమిదికి కూడా తెగలేదు," అన్నాడు.

"తెలిసే లోడిచ్చావా బాబాయ్?" అన్నాను.

"నీ వేలు జరిగినప్పుడే తాడు కనపడిందిరా. అబద్ధం చెప్తూ వేలు వణికినోడు పీతల్ని జాగ్రత్తగానే తెస్తాడనిపించింది. స్పీడోళ్ళు నాకు ఇద్దరున్నారుగా, ఎక్కడున్నారో చూడు. భాయ్‌కి చెప్పావా?"

"లేదు."

"చెప్పకు."

చెప్పలేదు. భాయ్ ఆ చలానాకి ఫ్రేము కట్టించి షెడ్డులో వేలాడదీశాడు. ఇప్పటికీ ఉంది. ఫ్రేము చెక్క మూడు వైపులా సన్నంగా, కింది వైపు మాత్రం వెడల్పుగా ఉంటుంది. లారీ ముక్కా, గీతా దాని కిందకి వెళ్ళిపోయాయి. వడ్రంగి అలా చేశాడో, భాయ్ అలా చేయించాడో నేనెప్పుడూ అడగలేదు. పెళ్ళికూతురు ఆ ఫ్రేము కిందే విశ్రాంతి తీసుకుంటోంది. నెలకోసారి వెళ్ళి నేనే తుడుస్తాను.

ఇప్పుడు నాకు సొంత బండి, ఎనభై మీద కూడా వణకదు. మొన్న ఖాళీ బండితో ఇంటికి వస్తుంటే పామిడిముక్కల దగ్గర నెత్తిన చెయ్యి పెట్టి చూపించారు, నేను చూసుకోలేదు. ఫోన్‌కి చలానా వచ్చింది, ఫోటోతో సహా. లోడు లేదు, లోపల ప్రాణాలేమీ లేవు, ఇంటి దగ్గర అన్నం చల్లారితే వేడి చేసి పెట్టే మనిషుంది. మరి అంత స్పీడెందుకెళ్ళానో నాకే అర్థం కాలేదు. ఫోటో పెద్దది చేసి, బంపరు ముందు మూల మూలా చూశాను. రోడ్డంతా ఖాళీగా ఉంది. తాడు ఎక్కడా కనపడలేదు.