గోడ పక్క కందులు

తాండూరులో ఒక పప్పు మిల్లు కల్లం పద్నాలుగేళ్లు నా చేతి కింద నడిచింది. కల్లం అంటే నాపరాళ్లు పరిచిన పెద్ద ఆవరణ. కందులకు నూనె, నీళ్లు పట్టించి అక్కడ ఆరబోస్తారు. పదిమంది ఆడవాళ్లు వరసగా నిలబడి, పాదాలు ఈడ్చుకుంటూ నడిచి వాటిని తిరగేస్తారు. ఆరాయో లేదో చెప్పేది నేను. గింజ పంటి కింద పెడితే టక్కుమని విరగాలి. మెత్తగా అణిగితే ఇంకో ఎండ కావాలి. నేను సరే అన్నాకే కందులు మర దగ్గరికి పోయేవి. మిల్లు యజమాని సేటు కూడా ఆ విషయంలో నా మాట దాటేవాడు కాదు. దాటితే నష్టం ఆయనదే.

మాది ధారూర్. పొద్దున్నే రైలెక్కి తాండూరు పోయేదాన్ని, చీకటి పడ్డాక ఇల్లు చేరేదాన్ని. మా నాన్న గొర్లు కాసిన మనిషి. ఆయన ఎప్పుడూ పరుగెత్తగా నేను చూడలేదు. నేను మాత్రం చెప్పులు వేసుకోవడం కూడా నడుస్తూనే నేర్చుకున్నాను.

ఒకసారి జ్వరం వచ్చి రెండు రోజులు ఇంట్లో ఉన్నాను. రెండో రోజు మధ్యాహ్నం ఎండ వంటింటి గడప దాటి లోపలికి వచ్చింది. ఆ ఇల్లు కట్టుకుని పదేళ్లయింది, ఆ ఎండను నేను ఎన్నడూ చూడలేదు. పరాయివాళ్ల కందుల మీద ఎండ ఏ వేళకు ఎక్కడ పడుతుందో అంగుళాలతో సహా చెప్పగలను, నా ఇంట్లో ఎండ నాకు తెలియదు. మంచంలో పడుకుని చాలాసేపు దాన్నే చూశాను. నాకు కావలసింది ఏమిటని లెక్క వేసుకున్నాను. ఇల్లు సొంతం. భర్త పోయి ఏడేళ్లు. కొడుకు తన బతుకు తాను బతుకుతున్నాడు. సగం జీతంతో నాకు గడిచిపోతుంది. మిగతా సగం నేను నిజానికి దేనికీ వాడటం లేదు.

సంక్రాంతి దాటాక, పని బాగా ఉన్న రోజుల్లోనే వెళ్లి సేటును అడిగాను. వారంలో నాలుగు రోజులే వస్తాను, జీతం సగం చేయండి, మిగతా రోజులకు ఇంకెవరికైనా పని నేర్పుతాను అన్నాను. అడిగింది ఎక్కడో చాటుగా కాదు, కల్లంలోనే. అదే నా పొరపాటు కావచ్చు.

సేటు నవ్వాడు. నవ్వి, పనిచేస్తున్న ఆడవాళ్ల వైపు తిరిగి అన్నాడు.

"విన్నరా, మీ మేస్త్రమ్మకు ఆరామ్ గావాల్నట. గొర్లెంబడి తిరిగే ఇంట్ల పుట్టి గిప్పుడు సేటమ్మ లెక్క గూసుంటదట."

ఆడవాళ్లలో ఇద్దరు నవ్వారు. వాళ్ల తప్పేమీ లేదు, కూలి ఇచ్చేవాడు నవ్వితే నవ్వాలి. ఆయన మళ్లీ నా వైపు తిరిగాడు.

"పని మా అల్లునికి నేర్పు. పది దినాలు చాలు. తర్వాత నాల్గు దినాలెందుకు, ఏడు దినాలూ ఇంట్లనే గూసో."

అరికాలి మంట నెత్తికెక్కింది. పైకి మాత్రం సరే సేటు అన్నాను. ఆ నిమిషం నా లోపల పుట్టినదాన్ని బాధ అని ఎవరైనా అంటే ఒప్పుకోను. అది పగ. దాన్ని నేను చాలా జాగ్రత్తగా, ఓపికగా పెంచాను.

అల్లుడు మంచివాడో చెడ్డవాడో నాకు తెలియదు. ముప్పై ఏళ్లుంటాయి, చేతిలో ఎప్పుడూ ఫోన్ ఉండేది. నూనె ఎంత, నీళ్లు ఎంత, కుప్ప పోసి ఎన్ని గంటలు ఉంచాలి, అన్నీ సరిగ్గానే చెప్పాను. గింజ కొరకడం కూడా నేర్పాను. ఒక్కటి చెప్పలేదు. చలికాలంలో ఎండ దక్షిణం వైపు వాలి ఉంటుంది. అటువైపు గోడ నీడ పొద్దుపోయేదాకా కల్లం అంచు మీద పడుతూనే ఉంటుంది. ఆ గోడ పక్క కందులు, అదీ అడుగునుంచి తీసి కొరకాలి. నడిమి కందులు ఆరినా అవి ఇంకో రెండు ఎండలు అడుగుతాయి. పద్నాలుగేళ్లు నేను వంగి తీసింది అక్కడి నుంచే.

చివరి రోజు అల్లుడు ఫోన్ పక్కన పెట్టి అడిగాడు. "గింజ ఏడికెల్లి తియ్యాలె అమ్మా?"

"ఏడికెల్లి తీసినా ఒక్కటే బాబూ," అన్నాను.

రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది, ధారూర్ దాకా హాయిగా కూర్చున్నాను.

తర్వాత నేను కోరుకున్న బతుకు మొదలైంది. వికారాబాద్‌లో ఒక కోమట్ల కిరాణా కొట్టులో వారానికి మూడు రోజులు పని కుదిరింది. వచ్చిన పప్పులు, ధాన్యం బాగున్నాయో లేదో చూసి చెప్పడం, చెరిగించడం. కొట్టు నడిపే సేటమ్మ మంచిది, తొందరపెట్టేది కాదు. మిగతా నాలుగు రోజులు నావి. పొద్దెక్కాక లేచేదాన్ని. వంటింటి ఎండలో పీట వేసుకుని కూర్చునేదాన్ని.

కూర్చుని ఏం చేసేదాన్ని? తాండూరు గురించి ఆలోచించేదాన్ని. ఈపాటికి నడిమి నుంచి గింజ తీసి ఉంటాడు. ఈపాటికి మరలో పోసి ఉంటారు. తడి కంది మరలో పొట్టు వదలదు, వదిలినా నలిగి నూక అవుతుంది, బస్తాలో పదిరోజులకే ముక్క వాసన పట్టుకుంటుంది. ఇదంతా నేను పీట మీద కూర్చుని, టీ తాగుతూ, ఒక్కొక్కటే రుచి చూసుకుంటూ ఊహించుకునేదాన్ని. నెమ్మదిగా బతకడం అంటే ఇదేనా అని ఒక్కరోజు కూడా అనుకోలేదు. కల్లంలో నాతో పాటు పనిచేసిన ఒకామె ఉండేది, నన్ను అక్కా అని పిలిచేది. ఆమెకు రెండు రోజులకోసారి ఫోన్ చేసి, ఎట్లున్నవ్ చెల్లె అని అడిగి, మాటల్లో మాటగా కందుల సంగతి లాగేదాన్ని.

నెల దాటాక ఒకరోజు వికారాబాద్ కొట్టులోనే ఆ మిల్లు బస్తా ఒకటి విప్పారు. ముద్ర చూడకముందే వాసన వచ్చింది. సేటమ్మ ముక్కు మూసుకుంది.

"ఇదేందమ్మా, గా మిల్లు పప్పు ఎన్నడు గిట్ల లేకుండె."

"వాపస్ పంపుండ్రి అమ్మా," అన్నాను. "అన్ని బస్తాలూ పంపుండ్రి. తెలిసిన కొట్టోళ్లకు గూడ చెప్పుండ్రి."

కడుపు చల్లబడింది. ఇంకో మాట వెతకను, అదే. సాయంత్రం స్టేషన్ బయట మిర్చి బజ్జీలు తిన్నాను, రైలు పోతే పోనీ అనుకుని ఇంకో ప్లేటు తీసుకున్నాను. సేటు ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుని నవ్వుకుంటూ తిన్నాను.

ఆ వారం చెల్లె ఫోన్ ఎత్తలేదు. తర్వాతి వారం తానే ధారూర్ వచ్చింది. గడపలో నిలబడే చెప్పింది, లోపలికి రమ్మన్నా రాలేదు.

"నాల్గు ఊర్లకెల్లి బస్తాలు వాపస్ వచ్చినయ్ అక్క. సేటు అల్లుని ఒక్క మాట అనలే. మేము సరిగ తిరగెయ్యలేదంట. మూడు వారాల కూలి ఆపిండు, పదిమందికి. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు. మేము కాళ్లు ఈడ్చినమో లేదో నీకెరుక. నీ మాటంటే ఇంటడు."

నేను సేటు గురించే అంత ఆలోచించాను, అల్లుడి గురించి కూడా కొంచెం ఆలోచించాను. నష్టం వస్తే సేటు దాన్ని ఎవరి మీద వేస్తాడో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. పద్నాలుగేళ్లు ఆ మనిషి దగ్గర పనిచేసి ఆ మాత్రం తెలియలేదంటే నన్ను నేనే కొట్టుకోవాలి.

మర్నాడు తాండూరు పోయాను. కల్లంలోనే, అందరి ముందే చెప్పాను. ఆడవాళ్ల తప్పు లేదు, గోడ పక్క గింజ చూడాలని నేనే మీ అల్లుడికి చెప్పలేదు, కావాలనే చెప్పలేదు అన్నాను. చెబుతున్నప్పుడు కూడా, నిజం ఒప్పుకోనీ, నా గొంతులో కొంచెం గర్వం ఉంది. నీ నష్టం నా చేత్తో చేసింది, తెలుసుకో అన్నట్టుగానే చెప్పాను.

సేటు మళ్లీ నవ్వాడు.

"నీకు గంత తెలివేడిది? వీళ్ల మీద పానం గుంజి నింద మీదేసుకుంటున్నవ్. సరే, మాకు నువ్వే గావాలె. సీజన్ అయ్యేదాక దినాం రా. వస్తనంటే వీళ్ల కూలి శనివారం ఇస్త."

చేసిన పని నాది కాదన్నాడు. అంతకంటే పెద్ద అవమానం ఆయన కూడా ఊహించలేడు. పళ్లు కొరుక్కుని సరే అన్నాను. వికారాబాద్ సేటమ్మకు ఫోన్ చేసి రానని చెప్పాను. వారంలో ఏడు రోజులూ రైలెక్కాను, ఎండలు ముదిరేదాకా ఎక్కాను. శనివారం కూలి ముట్టింది, పూర్తిగా.

సేటు నమ్మలేదు గాని ఆడవాళ్లు నమ్మారు. నేను చెప్పింది చెప్పినట్టే నమ్మారు. వరసలో నడుస్తూ నా పక్కకు వచ్చేసరికి మాటలు ఆపేసేవాళ్లు. మధ్యాహ్నం అన్నం గిన్నెలు తీసుకుని అటువైపు చెట్టు కిందికి పోయేవాళ్లు. నేను ఆఫీసు మెట్ల మీద ఒక్కదాన్నే తినేదాన్ని.

సీజన్ ఆఖరి రోజు చెల్లెను గేటు దగ్గర ఆపాను. కూలి ఇప్పించిన కదా, ఇంకా ఎన్ని దినాలు గిట్ల అని అడిగాను. ఆమె కొంగుతో కాళ్ల దుమ్ము దులుపుకుంటూ, కోపం లేకుండానే జవాబిచ్చింది.

"ఇప్పిచ్చినవ్ అక్క, కాదనను. నువ్వు సగం జీతంతోటి బతుకుతవ్, పగ పట్టనీకె నీకు తీరికుండె. మాకు ఆ మూడు వారాలు పొయ్యి మీదికి ఏం బెట్టాల్నో తెల్వలే."

ఆమె బస్సు వైపు వెళ్లిపోయింది. సేటు మీద నా పగ ఇంకా చల్లారలేదు. ఇప్పుడు మళ్లీ వికారాబాద్ కొట్టుకు మూడు రోజులు పోయి, మిగతా నాలుగు రోజులు ఇంట్లోనే ఉంటున్నాను, ఆయన్ని తలుచుకుని తిట్టుకోవడానికే కూర్చుంటాను. కాసేపటికి ఆయన ముఖం పోయి, ఆ పదిమంది పొయ్యిలు గుర్తొస్తాయి.