శ్రీహరి అన్న కుడిచెయ్యి

మా వైపు వేళ్ళు లేని కుడిచెయ్యి కనబడితే అవి ఎట్లా పోయాయని ఎవరూ అడగరు. నాటుబాంబు చేతిలోనే పేలిందని వాళ్ళకు వాళ్ళే అనుకుంటారు. ఎవరి తరఫున అన్నదొక్కటే వాళ్ళకు తేలాల్సింది.

మా అన్న శ్రీహరి వేళ్ళు చెరుకు రసం మిషనులో పోయాయి. ఇంటర్ తప్పిన వేసవిలో వినుకొండ బస్టాండు ఎదుట ఇక్బాల్ భాయ్ బండి మీద పనికి కుదిరాడు. ఒకసారి పిండిన చెరుకును మడిచి, మధ్యలో నిమ్మచెక్క, అల్లం ముక్క పెట్టి మళ్ళీ తోస్తుండగా రోలర్లు చేతిని కూడా లోపలికి లాక్కున్నాయి. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి.

తర్వాత గురజాలలో ఆటో కొనుక్కుని బడి పిల్లల్ని తిప్పాడు. ఎక్సలేటర్ అరచేత్తోనే తిప్పేవాడు. మొదట్లో జనం భయం అతనికి నవ్వులాటగా ఉండేది. హోటల్లోకి వెళితే బెంచీ ఖాళీ అయ్యేది. బస్సులో ఎవరో ఒకరు లేచి చోటిచ్చేవారు. "చూడవే, ఎమ్మెల్యేకి కూడా ఇంత మర్యాద లేదు," అని నా చెవిలో గొణిగేవాడు. ఆ నవ్వు నాకిప్పటికీ వినబడుతుంది. క్లాసులో పాఠం చెబుతూ ఆగిపోతుంటాను.

మొన్నటి ఎన్నికలకు ముందు ఎడ్లపాడు నుంచి కొత్తగా వచ్చిన నీలిమ అనే అమ్మాయి, మరికొందరు తల్లులతో కలిసి బడి గేటు దగ్గర ఆటో ఆపించింది.

"ఏమనుకోవద్దన్నా. ఎలక్షన్ల టైమ్. నీ చెయ్యి చూస్తుంటే మాకు నిద్ర పట్టట్లా."

"చెరుకు మిషన్లో పోయినయ్యమ్మా."

"అట్నేలే అన్నా," అంది ఆమె. ఆ మాటలో ఎంత మర్యాద ఉందో అంత అపనమ్మకం ఉంది.

మా వాసంతి వదిన ఊరుకోలేదు. "నోటి మాట నమ్మకపోతే ఆ భాయ్‌నే పిలుచుకొచ్చి చెప్పించు," అంది. అన్న వినుకొండ వెళ్ళి ఇక్బాల్ భాయ్‌ని వెంటబెట్టుకొచ్చాడు. సెలవు పెట్టి వచ్చిన నేనూ గేటు దగ్గరే ఉన్నాను. భాయ్ బాగా ముసలివాడైపోయాడు. తల, చేతులు వణుకుతున్నాయి.

"అల్లా మీద ఒట్టమ్మా, నా మిషన్లోనే పోయినయ్. ఈ పిల్లోడికి బాంబంటే దీపావళి బాంబే తెలుసు."

తల్లులు తలలూపారు. మేము వెనుదిరిగాక వెనకనుంచి ఒకామె గొంతు వినిపించింది. "ఏం చెప్పి బెదిరించాడో ఏందో పాపం, ముసలాయన ఎట్లా వణికిపోతున్నాడో చూశారా?"

అన్న కూడా విన్నాడు. భాయ్‌ని తీసుకెళ్ళి వినుకొండ బస్సెక్కించాడు.

ఆ వారంలోనే ఆటో ఖాళీ అయింది. అట్లా ఇంట్లో కూర్చున్న మనిషి దగ్గరికి ఒక నాయకుడి తాలూకు వాళ్ళు వచ్చారు. "పనేం లేదు శ్రీహరన్నా. ప్రచారంలో కారెక్కి కూర్చోవటమే. వెనక సీట్లో, కుడి కిటికీ పక్కన. చెయ్యి మాత్రం బయటికి కనబడాల."

వదిన ఇల్లు పీకి పందిరేసింది. "కత్తి పట్టుకోనక్కర్లా, కర్ర పట్టుకోనక్కర్లా, కూర్చుంటే చాలంట! ఒప్పుకుంటానికి సిగ్గులేదా నీకు?"

"నిజం చెప్తే ఆటో నిండలేదు గదే. నోర్మూసుకుని కూర్చుంటే ఇల్లు గడుస్తది. నేనేం అబద్ధం చెప్పట్లా. వాళ్ళే అనుకుంటున్నారు."

అతను తెచ్చిన ముసలాయన సాక్ష్యం ఎవరికీ పనికిరాలేదు. కిటికీ మీద చెయ్యి ఆనించి కూర్చోగానే ఊరంతా నమ్మింది. ఆటోలో తిప్పిన పిల్లలు రోడ్డు పక్క నిలబడి "అంకుల్!" అని అరుస్తూ చేతులూపితే, నీలిమ తన కూతురి చెయ్యి పట్టి కిందికి లాగిందట. "నేను ముందే చెప్పలా?" అని పక్కామెతో అందట.

ప్రచారం చివరి రోజు ఒక పల్లె ఇరుకు బజారులో రెండు ఊరేగింపులు ఎదురుపడ్డాయి. రాళ్ళు లేచాయి. ఆ కారు నడిపిన వెంకట సాయి నాకు చెప్పింది ఇది:

"మావాళ్ళందరూ అన్న వంకే చూశారక్కా, ఏదో ఒకటి చేస్తాడని. అవతలోళ్ళూ అన్న వంకే చూశారు. అన్న తలుపు తీసుకుని దిగాడు. ఆగండని చెప్పటానికి చెయ్యెత్తాడు. అంతే. రాయి కణతకి తగిలింది. మళ్ళీ లేవలా."

చెయ్యి ఎత్తాడా, చేతులు ఎత్తాడా? ఈ ప్రశ్న నన్ను వదలదు. రెండు చేతులూ ఎత్తిన మనిషి బతిమాలుతున్నాడని ఎవరికైనా తెలుస్తుంది. కుడిచెయ్యి ఒక్కటే లేస్తే, అందులోనూ ఆ చెయ్యి లేస్తే, ఏమనుకుంటారో కూడా తెలుసు. వెంకట సాయికి ఎన్నిసార్లు ఫోన్ చేశానో! ఒకసారి రెండూ అంటాడు, ఒకసారి గుర్తులేదంటాడు.

పోయిన ఆదివారం మళ్ళీ చేశాను.

"ఇంక అడగొద్దక్కా," అన్నాడు. "నేను చూడలా. అన్న చెయ్యి లేవటం చూసి స్టీరింగ్ కిందికి తల దూర్చేశా. బాంబు ఇసురుతున్నాడనుకున్నా."