అక్రోటు ఉందా అని ఆయన అడిగేవారు

పెళ్లికి ముందు మా ఆయన కొంతకాలం టర్కీలో, ఇజ్మీర్‌లో ఉద్యోగం చేశారు. అక్కడి తిండి మీద మోజు ఆయనకు చివరిదాకా పోలేదు. మేం స్థిరపడిన అయర్లండ్‌లో ఏ ఊరికి వెళ్లినా, సముద్రం చూడకముందే టర్కీ హోటలు ఎక్కడుందో వెతికేవారు. దానికి ఆయన పద్ధతులు ఆయనకుండేవి. బోర్డు మీద కబాబు, పిజ్జా, చిప్స్, కర్రీ సాసు అన్నీ కలిపి రాసి ఉంటే కారు కూడా దిగేవారు కాదు.

"గిది తాగినోళ్ల కోసం పెట్టిన దుకాణం. మనకొద్దు," అనేవారు.

ఫోనులో హోటళ్లకు జనం ఇచ్చే చుక్కల రేటింగుల్ని నమ్మేవారు కాదు. మధ్యాహ్నం పూట కిటికీలోంచి చూసి, లోపల టర్కీ కుటుంబాలు పిల్లలతో కూర్చుని తింటున్నాయా లేదా అని చూసేవారు. ముందు పప్పు సూపు చెప్పేవారు. దానితో నిమ్మచెక్క అడగకుండానే రావాలి. రొట్టె పొంగి, పొగలు కక్కుతూ రావాలి. మాంసం ఏ జంతువుదని అడిగితే తడబడకుండా చెప్పాలి, ఎందుకంటే మేం గొడ్డు మాంసం తినం.

నా సంగతి వేరు. నాకు అక్రోటు, పిస్తా సరిపడవు. సరిపడకపోవడమంటే దద్దుర్లు కాదు, గొంతు మూసుకుపోవడం. టర్కీ వంటలో ఆ రెండూ మిఠాయిల్లోనే ఉంటాయని చాలామంది అనుకుంటారు. పచ్చళ్లలో, సలాడ్లలో, కొన్ని చోట్ల మాంసం ముద్దలో కూడా ఉంటాయి. హోటలు ఎంత అసలైనదైతే నాకు అంత ప్రమాదం. డబ్లిన్‌లో టమాటాతో సరిపెట్టే పచ్చడిలో, వాళ్ల ఊరి పద్ధతి తెలిసినవాళ్లు అక్రోట్లు నూరి కలుపుతారు. అందుకని నేను కూర్చోకముందే ఆయన వంటగది దాకా వెళ్లి వచ్చీరాని టర్కీ భాషలో అడిగేవారు. "జెవిజ్ వర్ మి?" అక్రోటు ఉందా అని. ఆ మాటతో లోపలివాళ్లు నవ్వుతూ బయటికి వచ్చేసేవారు. నాకు ఆ భాషలో తెలిసిన మాట అదొక్కటే.

ఒకసారి ఆత్లోన్ అనే ఊళ్లో వంటాయన చేతులు తుడుచుకుంటూ మా బల్ల దగ్గరికి వచ్చి, "మేడమ్, మీరు సూపు, రొట్టె, అన్నం తినండి. మిగతాదానికి నేను మాట ఇవ్వలేను," అన్నాడు. నాకు కాస్త చిన్నతనంగా అనిపించింది. మా ఆయన మాత్రం లేచి అతని చెయ్యి పట్టుకుని ఊపారు.

"గిది మంచి హోటలు. వద్దన్నడు చూడు," అన్నారు కారెక్కాక.

ఆయన డబ్లిన్ శివారు చెర్రీవుడ్‌లో ఆఫీసు మెట్లు దిగుతూ పడిపోయారు. గుండె. నేను వెళ్లేసరికి అయిపోయింది. ఆడమ్స్‌టౌన్‌లో మా వీధిలోని తెలుగువాళ్లందరూ వచ్చారు. పప్పు, చారు, పెరుగన్నం డబ్బాలతో ఫ్రిజ్ నిండిపోయింది. ఎవరో ఆంటీ నా చెయ్యి పట్టుకుని, "ఏడువమ్మా, ఏడిస్తే తేలికవుతుంది," అంది. నాకు ఏడుపు రాలేదు. ఆవిడ చేతి మీద పసుపు మరక ఉంటే అది చూస్తూ కూర్చున్నాను.

కొన్నాళ్లకు పనిలోకి వెళ్లాను. ఆసుపత్రుల్లో కొత్త కంప్యూటరు వ్యవస్థ పెడితే, దాన్ని నర్సులకూ డాక్టర్లకూ నేర్పడం నా ఉద్యోగం. వారానికో ఊరు. స్లైగో, ట్రలీ, లెటర్‌కెన్నీ. మా అబ్బాయి లిమరిక్‌లో చదువుకుంటున్నాడు కాబట్టి ఇంట్లో నా కోసం ఎదురుచూసేవాళ్లు లేరు. మధ్యాహ్నం భోజనానికి కాళ్లు వాటంతటవే టర్కీ హోటలు వైపు నడిచేవి. ఆయన పద్ధతిలోనే కిటికీలోంచి చూసేదాన్ని. సూపు చెప్పేదాన్ని. తినేదాన్ని. రుచి తెలిసేది కాదు. ఉప్పు ఎక్కువైందో తక్కువైందో కూడా చెప్పలేకపోయేదాన్ని. మొదట్లో అక్రోటు సంగతి ఇంగ్లీషులో అడిగేదాన్ని. "నో నట్స్, యు ఆర్ గ్రాండ్," అనేవారు, ఏం ఫరవాలేదని. తర్వాత తర్వాత అదీ అడగడం మానేశాను. ఎప్పుడు మానేశానో గుర్తులేదు.

పడమటి తీరంలో ఒక ఊళ్లో ఆ పని పడింది. పొద్దున్నంతా నర్సులకు పాఠం చెప్పి, వానలో తడుస్తూ ఆసుపత్రి కింద వీధిలోకి దిగాను. చిన్న హోటలు. లోపల ఒక టర్కీ కుటుంబం, ఒక ముసలాయన. నడివయసు ఆవిడ బల్లల దగ్గర చూసుకుంటోంది, ఆవిడ భర్త వంటగదిలో ఉన్నాడు. సూపు రాకముందే ఆవిడ వేడి రొట్టె, ఒక చిన్న గిన్నెలో ఎర్రటి పచ్చడి తెచ్చిపెట్టింది.

రొట్టె తుంచి అద్దుకున్నాను. పండుమిరపకాయ పచ్చడిలా ఉంది. కారం, పులుపు, వెనక నుంచి కొద్దిగా తీపి. నాలుకకు తెలిసింది. అన్ని నెలల్లో ఒక రుచి నాలుకకు తెలియడం అదే మొదలు. అందుకని మళ్లీ తిన్నాను. గిన్నె సగం అయింది.

ముందు పెదవి తిమ్మిరెక్కింది. తర్వాత నాలుక కింద దురద. నాకు తెలుసు. ఇది అదే అని స్పష్టంగా తెలుసు. ఇలాంటప్పుడు తొడలో పొడుచుకోవాల్సిన ఇంజెక్షన్ పెన్ను పక్క కుర్చీలోని సంచిలో ఉందనీ తెలుసు. చెయ్యి చాపితే అందుతుంది. నేను చెయ్యి చాపలేదు. చావాలని కాదు. ఆ ఆలోచనే లేదు. ఇంకెవరికో జరుగుతున్నట్టు చూస్తూ కూర్చున్నాను. కిటికీ అద్దం మీద వాన జారుతోంది. సూపు వచ్చింది. పక్కన నిమ్మచెక్క ఉంది.

సూపు పెట్టిన ఆవిడ నా ముఖం చూసి ఆగిపోయింది. "యు ఓకే?"

"జెవిజ్," అన్నాను. గొంతు నాది కానట్టుంది.

ఆవిడ గిన్నె వైపు చూసింది. వెంటనే వంటగదివైపు ఏదో అరిచింది. "మెడిసిన్? వేర్?" అని నా భుజాలు కుదిపింది. సంచి వైపు చూపించాను. ఆవిడ దాన్ని బల్ల మీద బోర్లించింది. తాళాలు, దువ్వెన, మాత్రలు, వాటి మధ్య పెన్ను. మూత తీసి, "షో మీ, షో మీ," అంటూ నా చేతిలో పెట్టింది. నా వేళ్లకు పట్టు నిలవలేదు. తొడ మీద చెయ్యి వేసి చూపించాను. ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుని, ప్యాంటు మీద నుంచే పొడిచి పట్టుకుంది. తర్వాత భార్యాభర్తలిద్దరూ నన్ను నేల మీద పడుకోబెట్టి, కాళ్లు కుర్చీ మీదికెత్తారు. అంబులెన్సు వచ్చేదాకా ఆవిడ నా పాదాలు వదల్లేదు. టర్కీ భాషలో ఏదో చెబుతూనే ఉంది.

తీసుకెళ్లింది నేను పొద్దున పాఠం చెప్పిన ఆసుపత్రికే. నన్ను చేర్చుకుంటున్న నర్సు ఆ పాఠంలో ముందు వరుసలో కూర్చున్న అమ్మాయే. కంప్యూటరు ముందు కాసేపు తడుముకుని, నెమ్మదిగా నా వైపు తిరిగింది.

"సారీ, అలర్జీ ఎక్కడ ఎక్కించాలి? పొద్దున చెప్పారు కదా, మర్చిపోయాను."

ఆక్సిజన్ మాస్కు పక్కకి లాగి, "ఎడమవైపు పైన, ఎర్ర గుర్తు," అన్నాను. ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు కానీ, నవ్వాల్సిన విషయమేనని తెలిసింది.

సాయంత్రం మా అబ్బాయి స్నేహితుడి కారు తీసుకుని లిమరిక్ నుంచి వచ్చాడు. వాడికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేది మాత్రం ఇక్కడి యాస ఇంగ్లీషే. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"డిడ్ యు నాట్ ఆస్క్, మామ్?"

"అడగలేదు నాన్నా."

"వై నాట్?"

"ఎప్పుడూ నాన్నే అడిగేవారు కదా."

వాడు జాకెట్ జిప్పు పైకీ కిందికీ లాగుతూ కూర్చున్నాడు. తర్వాత నేలకేసి చూస్తూ, "ఐ'డ్ హావ్ బీన్ ఆన్ మై ఓన్, లైక్," అన్నాడు.

ఆ మాటకు నాలో ఏదో కదలాలి. కదిలిందో లేదో చెప్పలేను. వాడి తల మీద చెయ్యి వేశాను. జుట్టు వానకు తడిసి చల్లగా ఉంది. తువ్వాలు తెమ్మని నర్సును అడిగాను. తుడుస్తుంటే వాడు చిన్నప్పటిలా తల వంచి ఊరుకున్నాడు.

మర్నాడు ఆసుపత్రి నుంచి వదిలిపెట్టాక ఇద్దరం ఆ హోటలుకు వెళ్లాం. నన్ను చూడగానే ఆవిడ కౌంటరు వెనక నుంచి పరుగెత్తుకొచ్చి గట్టిగా వాటేసుకుంది. వెంటనే వెనక్కి జరిగి, తన చేతులు చూసుకుని, వెళ్లి సబ్బుతో కడుక్కుని వచ్చింది. మా అబ్బాయిని దూరంగా వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టి పళ్లెం నిండా వడ్డించింది. నాకు మాత్రం ఏమీ పెట్టలేదు.

"యు, నో ఈట్ హియర్. నెవర్. మా వంటగది అంతా జెవిజ్. నేను ప్రామిస్ చెయ్యలేను," అంది. ఆవిడ ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా ఉన్నా ఆ మాట మాత్రం తిన్నగా చెప్పింది. కొత్త గ్లాసు కడిగి టీ పోసింది. పెంకుతోనే ఉడికించిన రెండు గుడ్లు, తొక్క తీయని అరటిపండు ముందు పెట్టింది. వాటికి ఏదీ అంటదు కాబట్టి.

"జెవిజ్ అన్న మాట మీకెలా తెలుసు?" అని అడిగింది.

"మా ఆయన నేర్పారు."

"టర్కిష్?"

"కాదు. ఇండియన్. వరంగల్."

"ఆయన రాలేదా?"

"లేరు."

ఆవిడ కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. వాళ్ల భాషలో ఒక మాట అంది. ఆయన పోయినప్పటినుంచీ అందరూ ఏవేవో అంటూనే ఉన్నారు, నేను తల ఊపుతూనే ఉన్నాను. ఈసారి మాత్రం అర్థం ఏమిటని అడిగాను. ఆవిడ ఇంగ్లీషులో వెతుక్కుని వెతుక్కుని, పోయినవాళ్ల గురించి కాదు, ఉన్నవాళ్లకు చెప్పే మాట అంది. నీ తల క్షేమంగా ఉండాలి అని.

నేను గుడ్డు ఒలుచుకుని తిన్నాను. రుచి ఉందని చెప్పను. ఆకలి మాత్రం వేసింది, రెండోదీ తిన్నాను.

ఆ తర్వాత పెద్దగా ఏమీ మారలేదు. ఊళ్లు తిరుగుతున్నాను. మా అబ్బాయి రోజూ మధ్యాహ్నం "ఆస్క్‌డ్?" అని ఒక్క మాట పంపుతాడు. "అడిగాను" అని జవాబిస్తాను. మొన్న డోనెగాల్‌లో ఒక టర్కీ హోటలుకు వెళ్లాను. లోపల కుటుంబాలు తింటున్నాయి, రొట్టె వాసన వీధి దాకా వస్తోంది. కోటు విప్పకముందే వంటగది గుమ్మం దాకా వెళ్లి అడిగాను. అక్కడున్నాయన మంచివాడే. కాస్త ఆలోచించి, "ఉండకపోవచ్చు," అన్నాడు.

థ్యాంక్స్ చెప్పి బయటికి వచ్చేశాను. ఎదురుగా ఉన్న షాపులో ఒక క్రిస్ప్స్ ప్యాకెట్ కొని, వెనక రాసినదంతా చదివి, కారులో కూర్చుని తిన్నాను. అవి మెత్తబడి ఉన్నాయి.